వంగితే మోగే బెల్టు

మంత్రిగారి వెన్నెముక నిటారుగా ఉన్న సంగతి శుక్రవారం ఉదయం పది గంటలకు శాస్త్రీయంగా రుజువు కాబోతోందని హిందూపురమంతా ఫ్లెక్సీలు వెలిశాయి. రుజువు చేయబోయేది బయోమెడికల్ ఇంజనీరింగ్ ఫైనలియర్ విద్యార్థిని హేమావతి. ఆ ముక్క మాత్రం ఫ్లెక్సీల మీద లేదు. మంత్రిగారి మీసాలకే చోటు చాలలేదు మరి.

హేమావతిది ధర్మవరం. ఇరవై ఏళ్లు మగ్గం మీద వంగి వంగి వాళ్లమ్మ సిద్దమ్మకు నడుము పట్టేసింది. అది చూడలేక హేమావతి ఈ బెల్టు తయారు చేసింది. నడుము వంగితే కీమని మోగుతుంది, మనిషి సర్దుకుని కూర్చోవాలి. ప్రాజెక్టు పాసైతే డిగ్రీ తనకు, బెల్టు అమ్మకు.

"మంత్రిగారికి కట్టినప్పుడు మోగిందంటే నీ ప్రాజెక్టు ఫెయిలే పాపా" అన్నాడు ప్రిన్సిపాల్ రఘునాథ్.

"వంగకుంటే మోగదు సార్."

"ఇంకేం! ఆయన ఎవురికీ వంగరు. ప్రతి మీటింగులో ఆయనే చెప్తాండారు కదా."

పెనుకొండలో సన్మానాలు ముగించుకుని మంత్రిగారు నాలుగు గంటలు మాత్రమే ఆలస్యంగా వేంచేశారు. బెల్టు కట్టించుకుని, "చూడండప్పా! ఒకరి ముందర వంగే నడుము కాదిది!" అని గర్జించారు. బెల్టు కిక్కురుమనలేదు. హేమావతికి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే పీఏ శంకరప్ప ఫోన్ అందించాడు. "సార్, పార్టీ పెద్దాయన లైన్‌లో ఉండారు."

మంత్రిగారు ఫోన్‌ను రెండు చేతులా పట్టుకున్నారు.

"చిత్తం..." కీ. "మీ దయ..." కీ, కీ. "మీరెట్ల చెప్తే అట్ల..." ఇక ఆ కీకీ ఆగలేదు. పక్కనే మైకు ఉండటంతో పొరుగు మండలం పరిగి దాకా వినిపించింది.

శంకరప్ప సమర్థుడు. మైకు లాక్కుని, "చూసినారా! వినయాన్ని కొలిచే మిషను! సారుకు నిమిషానికి నలభై ఒకటి!" అని ప్రకటించాడు.

కార్యకర్తలు క్యూ కట్టారు. నామినేటెడ్ పోస్టు కోసం చూస్తున్న గంగన్న వంగి వంగి అరవై కొట్టాడు. రఘునాథ్ డెబ్బై కొట్టి, కాలేజీ పరువు నిలబెట్టాడు.

పోతూ పోతూ మంత్రిగారు హేమావతిని పిలిచారు.

"మిషను బాగుండాది పాపా. ఒకటే తప్పు. వంగేటోళ్లంతా మనోళ్లే, వాళ్లను కనిపెట్టి ఏం లాభం? నిటారుగా నిలబడినోడు ఎవడో మోగి చెప్పాల."

"మరి మా అమ్మ..."

"మొదటి బెల్టు మీ అమ్మకే!"

హేమావతికి ఏడుపొచ్చింది. కానీ ప్రాజెక్టు మీద సంతకం చేయాల్సిన పెన్ను రఘునాథ్ జేబులో ఉంది. ప్రోగ్రాములో ఒక్క లైను మార్చింది. నూటికి నూరు వచ్చాయి.

నెల తిరక్కుండా ధర్మవరంలో ఉచిత బెల్టుల పంపిణీ జరిగింది. సిద్దమ్మ ఆ బెల్టు కట్టుకుని పొద్దంతా వంగి నేసింది. బెల్టు నోరు మెదపలేదు. సాయంత్రం మగ్గం దిగి, నడుము మీద చేతులు పెట్టుకుని, అబ్బా అంటూ నిటారుగా నిలబడింది.

బెల్టు కీమంది.

"ఏం తప్పు చేస్తినే హేమా?" అంటూ సిద్దమ్మ గబుక్కున మళ్లీ వంగింది.