జాకబ్ రేటు చెప్పడు

ఆ ఉదయం పట్టాభిరామయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే జాకబ్ వచ్చి పెరట్లో కారుతున్న కుళాయి బాగుచేయాలి. ఆ తర్వాత తను స్థిమితంగా పెసరట్టు తినాలి. మధ్యాహ్నం ఏలూరు నుంచి ప్రసన్నకుమారి అనే టీచరమ్మ వచ్చి పై వాటా చూసుకుని అడ్వాన్సు ఇవ్వాలి. తాడేపల్లిగూడెంలో ఒక ఇంటి యజమాని ఇంతకంటే న్యాయమైన కోరిక కోరలేడు.

ఆ పై వాటా ఆర్నెల్లుగా ఖాళీగా ఉంది. ముందున్నవాళ్ళు ఖాళీ చేసింది ఆయన నోటికి జడిసేనని వీధంతా అనుకుంటోంది. భార్య శేషారత్నం ఆ మాట మొహం మీదే అనేసింది.

"పైన మనిషి అలికిడి లేక కొంప బావురుమంటోందండీ. ఈవిడ కూడా మీ అరుపులకి పారిపోయిందంటే, నేను మా చెల్లెలి దగ్గరికి నల్లజర్ల పోయి కూర్చుంటాను. మీరూ మీ కోపమూ కలిసి కాపురం చేసుకోండి."

శేషారత్నం ఉత్తుత్తి బెదిరింపులు చేసే మనిషి కాదు. అందుకే ఆయన ఆ వేళ కోప్పడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. టీచరమ్మ ఫోనులో ఒక్కటే ప్రశ్న అడిగింది, నీళ్ళకి ఇబ్బంది లేదు కదా అని. అస్సలు లేదని చెప్పాడు. అద్దె రెండు వేలు చెప్పాలని అద్దం ముందు నిలబడి రెండుసార్లు అనుకున్నాడు కూడా.

జాకబ్ వచ్చాడు. డాబా ఎక్కి ట్యాంకు దగ్గరున్న వాల్వు కట్టేశాడు. ఇల్లంతటికీ అదొక్కటే వాల్వు. దిగొచ్చి కుళాయి పైభాగం విప్పి లోపలికి చూశాడు.

"మర అరిగిపోయిందండి. కొత్త కుళాయే వేసేద్దామండి. మొన్న మిగిలింది సంచిలో ఉంది."

"ఎంతవుద్ది?"

"ఆయ్, మీ ఇష్టమండి."

అంతే, పట్టాభిరామయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. పెంటపాడులో పదెకరాల మాగాణి చేయించే మనిషి ఆయన. కలుపుకైనా కోతకైనా గుత్త తేలందే ఒక్క కూలీని గట్టు దిగనివ్వడు. ధర చెప్పినవాడితో పోట్లాడొచ్చు, బేరమాడొచ్చు, పొమ్మనొచ్చు. చెప్పనివాడిని ఏం చేస్తాం? తక్కువిస్తే మనం పిసినారులం, ఎక్కువిస్తే వెర్రివాళ్ళం. ఎంతిచ్చినా రాత్రంతా నిద్ర పట్టదు. గోదావరి గడ్డ మీద మర్యాదని మించిన మారణాయుధం లేదు.

"నా ఇష్టమేంటయ్యా? నా ఇష్టమైతే అసలు ఇవ్వను. సరేనా?"

"ఆయ్, అదీ మీ ఇష్టమేనండి."

"చూడు జాకబ్. నలుగురినీ అడిగి రేటు తేల్చుకొస్తాను. అందాకా నువ్వు ఆ కుళాయి మీద చెయ్యి వేశావంటే మర్యాద దక్కదు."

"అలాగేనండి," అని జాకబ్ బట్టలుతికే బండ మీద కూర్చుని చేతులు కట్టుకున్నాడు.

పక్కింటి వీరరాఘవమ్మ గోడ అవతల వడియాలు పెడుతోంది. పోయిన నెల ఆమె ఇంట్లో కుళాయి మార్చింది జాకబే. ఆమెదొక జబ్బు. ఏది కొన్నా సగానికి సగం తగ్గించి చెబుతుంది, లోకంలో తనంత గడుసు మనిషి లేదని తెలియడం కోసం.

"ఎంతిచ్చారండీ జాకబ్‌కి?"

"ఎంతండీ, ముప్ఫై రూపాయలు. అదీ ఎక్కువే."

పట్టాభిరామయ్య గుండె చల్లబడింది. అక్కడితో తిరిగొచ్చి ఉంటే ఈ కథ లేదు. కానీ ఒక్కరి మాట మీద ధాన్యం అమ్మని మనిషి కదా, ఎదురింటి పాపారావు గుమ్మం కూడా ఎక్కాడు. అక్కడా కుళాయి మార్చింది జాకబే. పాపారావు జబ్బు ఇంకోరకం. ఏది కొన్నా రెండింతలు పెంచి చెబుతాడు, తన చెయ్యి పెద్దదని తెలియడం కోసం.

"ఐదొందలు పారేశానండీ. మనలాంటోళ్ళు బేరమాడితే బాగోదు కదా."

"ఐదొందలా? వీరరాఘవమ్మగారు ముప్ఫై అన్నారే."

పాపారావు మొహం కందగడ్డ అయింది. నిజం చెప్పేవాడికి కోపం రాకపోయినా నడుస్తుంది. అబద్ధం చెప్పినవాడికి రాకపోతే అబద్ధం నిలవదు.

"ఆవిడకి ముప్ఫైకి చేసి నన్ను ఐదొందలకి ముంచాడా? పదండి, తేల్చేద్దాం."

ఆ కేక విని వీరరాఘవమ్మ పిండిచేత్తోనే వీధిలోకొచ్చింది. ఐదొందలిచ్చే వెర్రిబాగులవాడు ఈ వీధిలో ఎవరంటూ ఆమె, ముప్ఫైకి బాగుపడే కుళాయి ఏ జిల్లాలో ఉందంటూ అతను. మధ్యలో పట్టాభిరామయ్య, ఒట్టూ గట్టూ గాలికొదిలి ఇద్దరికంటే పెద్ద గొంతు ఎత్తాడు. కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

ఈలోగా ఇంట్లో శేషారత్నం, టీచరమ్మ వచ్చేలోగా పై వాటా కడిగేద్దామని చీపురు పట్టుకుని మేడెక్కింది. కుళాయి తిప్పితే చుక్క రాలేదు. డాబా మీదికెళ్ళి చూస్తే వాల్వు కట్టేసి ఉంది. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో అడగాలని తోచక తిప్పేసింది. కింద విప్పి ఉన్న కుళాయిలోంచి నీళ్ళు మనిషెత్తు లేచాయి.

"జాకబూ, మూయవయ్యా," అని ఆమె పైనుంచి అరిచింది.

"ఆయ్, అయ్యగారు ముట్టుకోవద్దన్నారండి. వచ్చి చెబితే మూస్తానండి. మధ్యలో ముట్టుకుని మాట పడలేనండి."

ఆమె కంగారుగా వాల్వు వెనక్కి తిప్పబోయింది. తుప్పు పట్టిన చక్రం చేతికి ఊడొచ్చింది.

పట్టాభిరామయ్య వీధి జనంతో సహా పెరట్లోకి వచ్చేసరికి పాదాలు మునిగే నీళ్ళు. వాకిట్లోంచి గేటు దాకా పంటబోదెలా పారుతున్నాయి. బండ మీద కాళ్ళు పైకి మడుచుకుని జాకబ్, వినయంగా, తడిసి ముద్దై కూర్చున్నాడు.

"మనిషివా నువ్వు? కళ్ళెదురుగా ట్యాంకు ఖాళీ అవుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"మీరే చెయ్యి వేయొద్దన్నారండి. రేటు తేలిందాండి?"

"నీ మొహం తేలింది. వీళ్ళిద్దరి దగ్గరా ఎంత పుచ్చుకున్నావో చెప్పు ముందు."

జాకబ్ వీరరాఘవమ్మ వైపు చూశాడు. పాపారావు వైపు చూశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

"ఎవరిష్టం వారిదండి," అన్నాడు.

ఇద్దరూ హాయిగా ఊపిరి వదిలారు. పాపారావుకి ధైర్యం వచ్చి మీసం దువ్వాడు. "పోనీలెండి పట్టాభిరామయ్యగారూ, మీరు ముప్ఫైయే ఇవ్వండి. అందరం అంతంత ఇచ్చుకోలేం కదా."

పదెకరాల మాగాణి పౌరుషం పొడుచుకొచ్చింది. పట్టాభిరామయ్య బొడ్డులోంచి ఐదు వందల నోటు లాగి జాకబ్ ఒళ్ళో విసిరాడు.

"ఇదిగో నా ఇష్టం. ఇంక లే."

"ఆయ్," అని జాకబ్ నోటు కళ్ళకద్దుకుని లేచాడు. కొత్త కుళాయి బిగించడానికి తమలపాకులు నమిలేంత సేపు కూడా పట్టలేదు. అప్పటికి ట్యాంకు అడుగంటింది. మోటారు వేద్దామంటే కరెంటు పోయింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. తొక్కాక కడుక్కుందామన్నా ఆ ఇంట్లో చుక్క నీరు లేదు.

అప్పుడు చూశాడు పట్టాభిరామయ్య, గేటు దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నిలబడ్డ టీచరమ్మని. ముందు బస్సు దొరికి పెందలాడే వచ్చేసిందట. ఆయన కేకలన్నీ విననే విన్నది. మేడ మెట్ల మీద శేషారత్నం, చేతిలో ఊడిన చక్రంతో, మొగుడి వైపు చూసిన చూపులో నల్లజర్ల బస్సు కనపడింది. ఆయన కోపమంతా ఒక్కసారిగా దిగిపోయింది. మిగిలింది భయమే.

ప్రసన్నకుమారి పారుతున్న నీళ్ళకేసి చూస్తూ లోపలికొచ్చింది. "మా వీధిలో బిందెడు నీళ్ళకి తెల్లారకుండా వరసలో నిలబడాలండీ. మీరు ఫోనులో ఇబ్బంది లేదంటే అందరూ అనేదేగా అనుకున్నాను. వాకిట్లో ఇలా కాలవ పారుతుందనుకోలేదు. నాకు నచ్చిందండీ. అద్దె ఎంత?"

వీధంతా వింటోంది. ఐదొందలు అలా విసిరేసిన చెయ్యి, రెండు వేలని ఆడమనిషి దగ్గర బేరం పెడితే ఏం బావుంటుంది? మర్యాద తెలిసిన మనిషెవరైనా "అబ్బే, మీరే చెప్పండి" అంటారు. అప్పుడు మెల్లగా చెప్పొచ్చు. పట్టాభిరామయ్య గొంతు సవరించుకున్నాడు.

"మీ ఇష్టమండీ."

"అయితే పన్నెండొందలిస్తానండీ," అందావిడ వెంటనే, సంచిలోంచి అడ్వాన్సు తీస్తూ. "కుళాయిలవీ పాడైతే మాత్రం మీరే చేయించాలి."

"అయ్యో, దాందేవుందండీ, మేవే చేయిస్తాం," అంది శేషారత్నం మెట్లు దిగుతూ, ఆర్నెల్ల తర్వాత మొదటిసారి నవ్వుతూ.

జాకబ్ సామాన్లు సర్దుకుని, తడిసిన నోటు మరోసారి తడిమి చూసుకుని, అందరికీ పేరు పేరునా నమస్కారం పెట్టాడు. "రేటు కూడా తేలిపోయింది కాబట్టి, ఇంక కబురు పెడితే చాలండి," అన్నాడు పట్టాభిరామయ్యతో.

పై వాటాలో కుళాయిలు ఆరు. అన్నీ పెరట్లో అరిగిపోయిన ఆ పాత కుళాయిని బిగించిన రోజే బిగించారు.