తగినంత తుప్పు

ఇనుముకు తుప్పు పట్టే హక్కు పుట్టుకతోనే ఉంటుంది. దాన్ని అడ్డుకునేవాళ్లు కారణం లిఖితపూర్వకంగా చెప్పుకోవాలి. ఈ మాత్రం ఇంగితం అరకులో కిరాణా కొట్టు గణపతిరావుకు అరవై రెండేళ్లొచ్చినా అబ్బలేదు.

పెళ్లైన కొత్తలో భార్య రత్నాలును ఘాట్‌రోడ్డు ఎక్కించి తెచ్చిన అంబాసిడర్ అంటే ఆయనకు ప్రాణం. మంచు కురిసిన ప్రతి ఉదయం తడి తుడిచేవాడు. బంపర్లకు పాలిష్, అడుగున గ్రీజు, బానెట్ కింది ఇనుముకు ఎమరీ పేపరు. నలభై ఏళ్లు రుద్దగా రుద్దగా తుప్పుతోపాటు అక్కడ గుద్దిన ఛాసిస్ నంబరు కూడా పోయింది. (బండి మిగిలింది. కానీ అది లెక్కలోకి రాదు.)

రిజిస్ట్రేషన్ పొడిగింపుకు వెళ్తే, వాహన ఆనవాళ్ల అధికారి సర్వేశ్వరరావు ఆ చోట కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. కాగితం నల్లబడింది తప్ప ఒక్క అంకె తేలలేదు. నెలలోగా నంబరు తేలకపోతే బండి తుక్కుకే అన్నాడు.

గణపతిరావుకు పైప్రాణాలు పైనే పోయాయి.

"కొత్తగా గుద్దించీయండి బాబూ! కాయితాల్లో నంబరున్నాది కదా!"

"గుద్దొచ్చు. తుప్పు వొల్ల సెరిగితే కాలమ్ ఉన్నాది. పాలిష్ వొల్ల సెరిగితే కాలమ్ నేదు. యాప్ ఒప్పుకోదండి."

"మరేటి సెయ్యమంటారు?"

"బేగి తుప్పట్టించండి. నానొచ్చి సూత్తాను."

ఇంటికొచ్చి ఉప్పునీళ్ల చెంబు పట్టుకున్నాడు గానీ గణపతిరావుకు చెయ్యి రాలేదు. చివరికి రత్నాలే చెంబు లాక్కుంది. "మీరటు తిరగండి" అని, నీళ్లు పోసి, కళ్లొత్తుకుంది.

మూడో వారానికి తుప్పు పుష్కలంగా వచ్చింది. సర్వేశ్వరరావు గోటితో గీకి చూశాడు. "తగినంత" అని రాసుకుని పక్కనే నంబరు గుద్దించాడు. పాత నంబరు చెరిగిందనడానికి ఆ తుప్పే రుజువు గనక దాన్ని తీయకూడదనీ, తగ్గనివ్వకూడదనీ, ఏటా తనిఖీ ఉంటుందనీ ఉత్తర్వు చేతికిచ్చాడు. (రెండు ప్రతులు.)

ఇప్పుడు గణపతిరావు పొద్దున్నే బండంతా పొడిగుడ్డతో తుడిచి, ఆ ఒక్క చోట మాత్రం ఉప్పునీళ్లు చిలకరిస్తున్నాడు. వానలు వెళ్లేసరికి తుప్పు తలుపుల దాకా పాకింది. గణపతిరావు ఆఫీసుకు పరిగెత్తాడు.

"బాబూ, బండంతా పాకీసేలాగున్నాది. ఏటి సెయ్యమంటారు?"

సర్వేశ్వరరావు నిబంధనల పుస్తకం ఓపిగ్గా తిరగేశాడు.

"మీరేటీ సెయ్యక్కర్నేదండి. మొత్తం పాకాక తుక్కు సెక్షనోల్లే వచ్చి అట్టుకెల్తారు."