అధ్యక్షుల వారి ప్రతిష్ఠ పాయింట్లు

"ఇకమీదట మన అపార్టుమెంటులో తలలు లెక్కపెట్టడం ఉండదు. పరువును తూకం వేయడమే!" అని అధ్యక్షుల వారు మైకులో ప్రకటించగానే జనం చప్పట్లు కొట్టారు. అర్థమైనవాళ్లు లేరు. అర్థం కాలేదని చెప్పుకునేంత అమాయకులూ లేరు.

ఏర్పాటంతా వారి బావమరిదిది. ఫోనులో ఒక యాప్. ఎవరి గురించి ఏ కబురు వచ్చినా, దాని కింద నమస్కారం నొక్కితే వాళ్లకో ప్రతిష్ఠ పాయింటు. ఎన్ని పాయింట్లుంటే ఓటు అంత బరువు. మీటింగుకు రాకపోతే పాయింట్లలో కోత. వేసిన ఓటు బ్లాక్‌చైన్ అనే చిట్టాకెక్కుతుంది కాబట్టి బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెరపలేడు.

మొదటి ఓటింగు వచ్చింది. చెడిపోయిన లిఫ్టు బాగుచేయించాలా, గేటు దగ్గర అధ్యక్షుల వారి పేరిట ఫౌంటెన్ కట్టించాలా? గ్రౌండ్ ఫ్లోరులో ఉండే అధ్యక్షుల వారు విశాల హృదయంతో ఫౌంటెన్‌కే వేశారు. ఐదో అంతస్తు మాస్టారు, మోకాళ్ల నొప్పుల భార్య కోసం, లిఫ్టుకు వేశారు. వేసిన మర్నాడే, ఓటింగు ఇంకా ముగియకముందే, పాపం గుండెపోటుతో పోయారు. కబురు యాప్‌లో పెట్టగానే అందరూ నమస్కారం నొక్కారు. దాంతో మాస్టారి ఓటు బండరాయంత బరువెక్కింది.

"చచ్చినవాడి ఓటు చెల్లుతుందేమిట్రా?" అన్నారు అధ్యక్షుల వారు.

"బతికుండగా వేసిందేగా బావా. తీసెయ్యడం నా వల్ల కాదు."

ప్రజాసేవలో ప్రాణత్యాగానికైనా వెనుకాడని మనిషాయె. "అయితే నేనూ పోయానని పెట్టెయ్" అన్నారు.

పెట్టేశాడు. నమస్కారాలు కుప్పలు తెప్పలుగా వచ్చి పడ్డాయి. దుప్పటి ముసుగులో ఫోను చూసుకుంటూ అధ్యక్షుల వారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"చూశావుటే, నేనంటే జనానికి ఎంత ప్రేమో!"

"పోయారనేగా నొక్కుతున్నారు" అంది భార్య.

ఫౌంటెన్ గెలిచింది. వారు ముసుగు తీసి బయటికొచ్చారు గానీ యాప్ ఒప్పుకోలేదు. పోయినవాళ్ల ఖాతాకు తాళం పడుతుందట, తెరవాలంటే ఓటింగు పెట్టాలట. 'అధ్యక్షుల వారు బతికున్నారా?' అని పెట్టారు. ఎదురుపడ్డ ప్రతివాడూ, "ఎంత మాట సార్, నిక్షేపంగా ఉన్నారు!" అని దండం పెట్టి, ఇంట్లోకెళ్లి 'లేరు' అని నొక్కాడు. ఖాళీ అయిన కుర్చీలో బావమరిది బాధాతప్త హృదయంతో కూర్చున్నాడు.

ప్రారంభోత్సవం నాడు ఫౌంటెన్ మీద అధ్యక్షుల వారి పేరు నిగనిగలాడింది, ముందు 'స్వర్గీయ' అని చేర్చి. బావమరిది రిబ్బను కత్తిరించాడు. పక్కన నిలబడ్డ అధ్యక్షుల వారిని ఎవరూ పలకరించలేదు. అప్పుడే మాస్టారి భార్య గోడ పట్టుకుని మెట్లన్నీ దిగొచ్చి, ఆయాసపడుతూ చివరి మెట్టు మీద కూలబడింది.

"పిన్నిగారూ, మీరైనా చెప్పండి. నేను బతికే ఉన్నానుగా?"

"ఉన్నావు నాయనా. ఉన్నాడనే నొక్కాను కూడానూ. నా ఓటుకు బరువేదీ? మెట్లు దిగి మీటింగులకు రావడం లేదని నా పాయింట్లన్నీ నువ్వే కొట్టేయించావుగా" అంటూ ఆవిడ చెయ్యి చాపింది. "కాస్త పట్టుకో. మళ్లీ ఐదంతస్తులూ ఎక్కాలి."