తోడల్లుడి కమాను

ఆ ఆదివారం పొద్దున్న పెద్దల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. తామంతా దిగిన అత్తవారింట్లో సాయంత్రం అందరూ హాల్లో చేరినప్పుడు, తోడల్లుడు ఫిడేలు మీద వాయించే పాటనే తాను మాండలిన్ మీద వాయించి, అత్తగారి చేత ఒక్కసారి బాగుందనిపించుకోవాలి. ఆ ఒక్క మాట కోసం ఆయన పెళ్లయినప్పటి నుంచీ మొహం వాచి ఉన్నాడు.

తోడల్లుడు పళ్ల డాక్టరు. పనిరోజుల్లో రోగుల చేత, సెలవురోజుల్లో అత్తగారి చేత కన్నీళ్లు పెట్టిస్తాడు. అతను ఫిడేలు మీద కమాను లాగితే చాలు, ఆవిడ కళ్లు తుడుచుకుంటుంది. అదే పాట పెద్దల్లుడు వాయిస్తే స్వరం టింగుమని పుట్టి అక్కడే చచ్చిపోతుంది. చావకుండా గబగబా మీటితే, "ఎందుకు బాబూ అంత కంగారు? మాకేం తొందర లేదు," అంటుంది. తీగల శ్రుతి రెండింటిదీ ఒకటే, వేళ్లు పడే చోట్లూ అవే. తేడా అంతా ఆ దిక్కుమాలిన కమానులోనే ఉందని తేల్చుకున్నాడు.

తోడల్లుడు స్నానానికి వెళ్లగానే ఫిడేలు పెట్టె తెరిచి కమాను తీసి, మాండలిన్ మీద పెట్టి లాగాడు. ఫిడేలు మీద తీగలు వంపులో ఉంటాయి గనక కమాను ఒక్కోదాన్నే తాకుతుంది. మాండలిన్ మీద అవి బల్లపరుపుగా ఉంటాయి. ఎనిమిది తీగలూ కలిసి ఏడ్చాయి. తలుపు బందు కిర్రుమంటోంది, కాస్త నూనె వెయ్యమని అత్తగారు వంటింట్లోంచి మామగారికి పురమాయించింది.

ఆయన వస్తున్న అలికిడికి పెద్దల్లుడు కమానును సోఫా దిండు కిందికి తోసేశాడు. మామగారు ఇంట్లో ఉన్న బందులన్నింటికీ నూనె వేసి, అలిసిపోయి, సరిగ్గా ఆ దిండు మీదే కూలబడ్డాడు. ఫటమని శబ్దమైంది.

"నా నడుం విరిగింది," అన్నాడు మామగారు నెమ్మదిగా.

ఇంట్లో ఉన్న డాక్టరల్లా పళ్ల డాక్టరే. తువ్వాలుతోనే పరుగెత్తుకొచ్చి, అలవాటు కొద్దీ ముందు నోరు తెరవమని, తర్వాత నడుం నొక్కి చూసి, సాయంత్రం దాకా అక్కణ్ణుంచి కదలొద్దన్నాడు. నిజం చెబితే మామగారి నడుం బాగుపడుతుంది, తన పరువు పోతుంది. పెద్దల్లుడు కాసేపు ఆలోచించి మామగారికి దుప్పటి కప్పాడు. కింద ఏదో గుచ్చుకుంటోందని ఆయన గొణిగితే, నడుం పట్టేసినప్పుడు అలాగే ఉంటుందని సర్దిచెప్పాడు.

సాయంత్రం కమాను కోసం ఇల్లంతా వెతికారు, మామగారి కింద తప్ప. అందరికంటే శ్రద్ధగా వెతికింది పెద్దల్లుడే. కడుపులో మాత్రం పాలు పోసినట్టుంది. కమాను లేని ఫిడేలు ఉత్త కట్టె. ఇక ఈ సాయంత్రం తనదేననుకుంటూ మాండలిన్ అందుకున్నాడు.

"ఒక్క నిమిషం అన్నయ్యా. ఊరికే వేళ్లతో మీటి చూస్తా," అంటూ తోడల్లుడు ఫిడేలును ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు.

అదే పాట. ఆగిపోయిన స్వరాన్ని సాగదీసే ప్రయత్నమేదీ చెయ్యకుండా, అతను నిదానంగా తర్వాతి స్వరం మీటుతూ పోయాడు.

"ఎంత బాగుంది బాబూ. అచ్చం మాండలినే," అంది అత్తగారు. తర్వాత పెద్దల్లుడి వైపు తిరిగింది. "చూశారా, మాండలిన్ అంటే ఇలా వాయించాలి. చిన్నబాబు దగ్గర నాలుగు రోజులు కూర్చుంటే మీకూ వస్తుంది."

మర్నాడు వాయిద్యాల దుకాణం తెరవకముందే వెళ్లి నిలబడి, పెద్దల్లుడు తన సొంత డబ్బుతో తోడల్లుడికి అక్కడున్న వాటన్నింటిలోకీ మంచి కమాను కొన్నాడు.