ఉత్తరం రోడ్డు గుంతలు పదికాలాలు చల్లగా ఉండాలి!

ముందే క్షమించమని అడుగుతున్నాను. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఎక్కడైనా ఒత్తు జారి పడి ఉంటే తీసి సరైన అక్షరం కింద పెట్టుకోండి. రాయడం కూడా నెమ్మదే. కానీ నెమ్మది ఎంత గొప్పదో చెప్పడానికే ఈ రాత!

నేను చెప్పేదొక్కటే. మంచి రోడ్డు మనిషికి శత్రువు! ఉత్తరాన కొండల్లోకి పోయే మా రోడ్డు లాంటిది ప్రతి ఊరికీ ఒకటి ఉండాలి.

నవ్వుతున్నారా? ఆ రోడ్డు మీద రెండు రోజులు మోటారు సైకిల్ వెనక కూర్చుని వెళ్ళాను. అనుభవంతో చెబుతున్నాను.

ఎందుకు వెళ్ళానంటారా? ఐదో తరగతి పరీక్ష రాయడానికి! సెంటరు కొండలకు అవతల పడింది. ఆ రోడ్డు చూసి బస్సు ఎప్పుడో దండం పెట్టి మానుకుంది. నా కొడుకు బండెక్కితే వాంతులు చేసుకుంటాడు. బండ్లు రిపేరు చేసే నా కోడలే, పెట్రోలు డబ్బా పక్కన కట్టి, "ఎక్కు అత్తా" అంది. ఇన్నాళ్ళూ వేలిముద్రే వేశాను. పరీక్ష పాసయ్యాకే సంతకం పెడతానని ఒట్టు పెట్టుకున్నాను. ఎక్కక ఏం చేస్తాను?

మొదటి లాభం ఆరోగ్యం. నా నడుము నొప్పి పూర్తిగా పోయింది! ఎక్కడికి పోయిందంటే, మెడలోకి పోయింది.

రెండోది కుటుంబం. ఇంట్లో మా అత్తాకోడళ్ళది ఎడమొహం పెడమొహం. రోడ్డు మీద? గుంత వచ్చినప్పుడల్లా కోడల్ని కావలించుకున్నాను! అంటే పొద్దస్తమానం కావలించుకునే ఉన్నానన్నమాట.

"అత్తా, కాస్త వదులు! ఊపిరాడట్లేదు!"

"వదిలితే పరీక్ష నువ్వే రాసుకోవాలే!"

"రాస్తాలే! నీకంటే నాలుగు మార్కులు ఎక్కువే వస్తాయి!"

ఇంత చనువు ఏ నున్నటి రోడ్డు తెచ్చిపెట్టగలదు చెప్పండి?

అన్నిటికన్నా గొప్పది మూడో లాభం. చదువు! మంచి రోడ్డు మీద నేను "మ" అనేలోపు బోర్డు వెనక్కి పోతుంది. మా రోడ్డు మీద చీమలు కూడా మమ్మల్ని దాటిపోతున్నాయి. కూడబలుక్కుని చదివే నాలాంటిదానికి ఇంతకంటే మంచి బడి ఉందా?

ఆ దారిలో ఒకే రకం పచ్చ బోర్డులు చాలా ఉన్నాయి. కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయన ఇదే దారిన నన్ను లారీలో తీసుకెళ్ళేవారు. "అదేంటండీ?" అంటే, "ఊరి పేరు" అనేవారు. ఎంత దూరం పోయినా అదే బోర్డు! అబ్బ, ఎంత పెద్ద ఊరో అనుకునేదాన్ని.

ఈసారి చదివాను. మ... ర... మ్మ... తు... "మరమ్మతు పనులు జరుగుచున్నవి"!

రోజూ పేపరు అంత శ్రద్ధగా పట్టుకునే మా ఆయనకీ చదువు రాదని, ఆయన పోయిన ఇన్నేళ్ళకు, ఆ బోర్డు కింద తెలిసింది. కాసేపు బండి ఆపమన్నాను. చుట్టూ చూశాను. పార లేదు, తట్ట లేదు, మనిషి లేడు. ఊరే అయ్యుంటే బాగుండేది. కనీసం మనుషులుండేవారు.

సెంటరు చేరేసరికి గేటు మూసేశారు. లోపల బెంచీల మీద నా తోటివాళ్ళు రాసుకుంటున్నారు. సూపర్వైజరు గేటు సందులోంచి కాగితం అందించి, "ఆలస్యానికి కారణం రాసివ్వండమ్మా, చూద్దాం" అన్నాడు.

దారంతా చదువుకుంటూ వచ్చానుగా, చెయ్యి తడబడలేదు. మరమ్మతు పనులు జరుగుచున్నవి.

"అక్షరం పొల్లు పోలేదు" అని మెచ్చుకున్నాడు. "కానీ ఇది చెల్లదమ్మా. పనులు జరుగుతుంటే రోడ్డు బాగుపడుతుంది గానీ ఆలస్యం ఎందుకవుతుంది?"

కోడలు ఊరుకుంటుందా! "ఆ పనులెక్కడో బండెక్కి చూపించండి సార్! పెట్రోలు నాది!"

"బోర్డు మీద ఉంది కదమ్మా" అన్నాడాయన, ఎంతో ఓపిగ్గా. "వచ్చే ఏడు రండి."

చూశారా! నేను చదవడం నేర్చుకున్నాను, ఆయన నమ్మడం నేర్చుకున్నాడు. ఇద్దరికీ ఒకటే పుస్తకం!

తిరుగు దారిలో చెయిన్ తెగింది. కోడలు దాంతో కుస్తీ పడుతోంది. నేను పచ్చ బోర్డు నీడన కూర్చుని ఇది రాస్తున్నాను. ఇక నన్ను నేను పరిచయం చేసుకోవాలి కదా.

పేరు: పాసయ్యాక రాస్తాను.

వయసు: బయల్దేరినప్పుడు అరవై నాలుగు.

ప్రస్తుత నివాసం: మరమ్మతు పనులు జరుగుచున్నవి.