వేపచెట్టు విమానం

ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ, మధ్యాహ్నంలోగా కూతురి భయం వదిలించాలని పోశం నిర్ణయించుకున్నాడు. శ్యామల విమానం నడపడం నేర్చుకుంటోంది. బుధవారం మొదటిసారి గురువు లేకుండా ఒంటరిగా ఎగరాలి. ఆమేమో సెలవు పెట్టి నస్పూర్‌లోని తండ్రి గని క్వార్టర్‌కొచ్చి కూర్చుంది.

"గాలి కుదుపులొస్తే? పక్షులు అడ్డమొస్తే? నేను పోను బాపూ."

"గనిల మేం ముందుగాల కప్పును కట్టెతోటి కొట్టి సూస్తం. గట్టిగ మోగితేనే దాని కిందికి పోతం. భయాన్ని గూడ గట్లనే కొట్టి సూడాలె," అన్నాడు పోశం. ముప్పై ఏళ్లు బొగ్గుగనిలో చేసినవాడికి ఆకాశమైనా కప్పే.

వేపకొమ్మను కొట్టి చూసి, తాళ్లతో దానికి కుర్చీ వేలాడదీశాడు. కూతుర్ని కూర్చోబెట్టి, నడుముకు తాడు కట్టి ఊపసాగాడు. పావురాలు ఎదురుగా ఎగరాలని తల్లి సత్తవ్వ జొన్నలు విసిరింది. శ్యామల కళ్లు మూసుకుని కేక పెట్టింది.

పక్కింటి రాజం గోడ మీది నుంచి చూశాడు. కట్టేసిన పిల్ల, చల్లుతున్న గింజలు, కేకలు. ఇంకేం కావాలి? పది నిమిషాల్లో నిమ్మకాయల దండ, డప్పు, సగం కాలనీ వాకిట్లో ఉన్నాయి.

"పిల్లకు దయ్యం పట్టిందని ఒక్క మాట సెప్పద్దా బావా?" అన్నాడు రాజం.

"దయ్యం లేదు, గియ్యం లేదు. గిది ట్రైనింగు!" పరువు పోతోందని పోశం కూతుర్ని దింపి, తానే కూర్చుని తాడు బిగించుకున్నాడు. "ఊపుండ్రి, సూపిస్త!"

నలుగురు ఒకేసారి ఊపారు. కుర్చీ కొమ్మల్లోకి పోయి వచ్చింది. పావురాలు మొహం మీదికి లేచాయి. "వామ్మో! సచ్చిపోత! ఆపుండ్రి!" అని పోశం అరిచాడు.

"సూసిండ్రా, బిడ్డను ఇడిసి బాపును పట్టింది!" అన్నాడు రాజం. డప్పు జోరందుకుంది.

"డప్పు బంద్!" అంది శ్యామల. "రాజం మామా, ఎడమ తాడు పట్టు, గుంజకు. బాపూ, కిందికి సూడకు. ముందుకు సూడు. ఊపిరి తీస్కో."

గొంతు కొంచెం కూడా వణకలేదు. రెండు నిమిషాల్లో కుర్చీ ఆగింది. ఆగగానే రాజం దండ తెచ్చి పోశం మెడలో వేశాడు.

తాడు విప్పుతున్న కూతుర్ని పోశం వణుకుతూనే అడిగాడు. "బుధవారం పోతవా బిడ్డా?"

"కొట్టి సూసినవ్ గద బాపూ. గట్టిగనే మోగింది."



బుధవారం శ్యామల ఒంటరిగా ఎగిరి, క్షేమంగా దిగింది. పోశం మెడలోని నిమ్మకాయలు మాత్రం, రాజం పెట్టిన లెక్క ప్రకారం, తొమ్మిదో రోజు దాకా దిగలేదు.