పదకొండున్నర అంగుళాల నైటీ

ఫిబ్రవరి రెండో ఆదివారం, ఉదయం పదిన్నర గంటలు. స్థలం: రాజమహేంద్రవరంలోని గౌతమీతీర కుట్టుకళాభ్యుదయ సంఘ కార్యాలయం (మిగతా రోజుల్లో ట్యూషన్ సెంటరు). హాజరైనవారు: అధ్యక్షురాలు రత్నమాణిక్యంగారు, కార్యదర్శి లోకనాథ్‌గారు, సభ్యురాళ్లు అలివేలుమంగగారు, రామతులసి. వీరుగాక బల్లమీద, స్టాండు ఆసరాతో, పదకొండున్నర అంగుళాల ఫ్యాషన్ బొమ్మ.

మానవజాతి బట్ట కట్టడం నేర్చి వేల యేళ్లయినా, కట్టినదాని పేరేమిటో తేల్చే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు ఆ ఉదయం గాని సమాధానం దొరకలేదు.

సమావేశానికి కోరం అయిదు. అయిదో సభ్యుడు చినబాబుగారు వ్రతానికి అన్నవరం వెళ్లారు. వాయిదా వేస్తే సంఘ ప్రదర్శన తేదీ దాటిపోతుంది.

"కూర్చోకపోయినా నిలబడి ఉందిగా అండి. బొమ్మకి హాజరేసేద్దాం," అన్నారు లోకనాథ్‌గారు.

రామతులసి సంతోషంగా ఒప్పుకుంది. (సభ్యుల సంతోషాన్ని మినిట్స్‌లో వెంటనే నమోదు చేయడం సంఘ సంప్రదాయం.)

పరిశీలనాంశం ఆ బొమ్మ ఒంటిమీదే ఉంది. ఇటువంటి బొమ్మలను కొనేవారు పిల్లలు కారు. అద్దాల బీరువాల్లో దాచుకునే పెద్దలు. రామతులసి వాటికి విందు గౌన్లు కుడుతుంది. ఈ ముదురు నీలం శాటిన్ గౌను ఆమె చలికాలమంతటినీ మింగింది. కుచ్చెళ్లు నిలవడానికి అంచులో సన్నని తీగ దూర్చింది. ఎడమ భుజంనుంచి వీపుదాకా ఆవగింజకన్నా చిన్న పూసలతో తీగెలల్లింది. కుడిభుజం ఖాళీ. ఫార్మల్ దుస్తుల విభాగంలో చేరితే గౌను ముందు హాల్లో, గాజుపెట్టెలో, ఆమె పేరున్న కార్డుతో నిలుస్తుంది. లేదంటే వెనక గదిలో, ఇంటి వాడకపు వస్తువుల విభాగంలో, డోర్‌మ్యాట్ల పక్కన. అక్కడ ప్రతివారూ తాకి చూస్తారు, సాయంత్రానికి పూసలు నేలమీద ఉంటాయి.

లోకనాథ్‌గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఫార్మల్ అన్నారు. ఎక్కడికెళ్తోందండి ఈవిడ?"

"ఎక్కడికీ వెళ్లదండి. బీరువాలో ఉంటుంది."

"ఇంట్లోనే ఉంటుందన్నమాట," అని ఆయన రాసుకున్నారు.

అనంతరం ఏడో నియమం చదివి వినిపించారు: మెడనుంచి మడమదాకా ఒకే పొడవున దిగి, ఇంటిపట్టున ధరించబడు స్త్రీల దుస్తు నైటీ అనబడును, దానిపై చున్నీ వేసుకొన్నచో వీధిలోనికి అర్హమగును. (ఈ నియమానికి ఆధారం శాస్త్రం కాదు, అనుభవం. చున్నీ వేసిన నైటీ ఈ జిల్లాల్లో పాలకేంద్రం దాటి, స్కూలు గేటు దాటి, బ్యాంకు లాకరుదాకా వెళ్లింది, ఎవరూ ఆపలేదు.)

"చున్నీ వేసెయ్, అమ్మాయ్. ముందు హాల్లో పెట్టేద్దాం," అన్నారు రత్నమాణిక్యంగారు దయగా. లోకనాథ్‌గారు అప్పటికే జేబురుమాలు తీశారు.

"భుజమ్మీద పనంతా కప్పడిపోతుందండీ!"

"పనితనం మనసులో ఉండాలమ్మా," అన్నారు అధ్యక్షురాలు.

"మనసుకి గాజుపెట్టెందుకు మరి?" అన్నారు అలివేలుమంగగారు.

ఓటింగ్ అనివార్యమైంది. చున్నీ కావాలన్నవారు అధ్యక్షురాలు, కార్యదర్శి. వద్దన్నవారు అలివేలుమంగగారు, రామతులసి. సమానం. రత్నమాణిక్యంగారికి నిర్ణాయక ఓటున్నా, పక్షపాతమంటారని వాడలేదు. కోరంలో మిగిలినది ఒక్కరే.

"అభ్యంతరముంటే చెప్పమనండి," అన్నారు ఆమె.

బొమ్మ చెప్పలేదు. మౌనం అర్ధాంగీకారం గనుక, చున్నీ తీర్మానానికి అనుకూలంగా అర ఓటు నమోదైంది. రెండున్నర, రెండు.

"నేను కుట్టింది కట్టుకుని నాకే వ్యతిరేకంగా ఓటేస్తుందాండీ?"

"బట్టలు పెట్టినవాళ్లకే ఓటెయ్యాలని రూలెక్కడుందమ్మా?" అన్నారు లోకనాథ్‌గారు. సంఘ చరిత్రలో ఇంతకన్నా ప్రజాస్వామికమైన వాక్యం నమోదు కాలేదు.

రామతులసి జేబురుమాలును చూసింది. పూసలను చూసింది. "చున్నీ వద్దండి. వెనక గదిలోనే పెట్టండి," అంది.

నైటీ (చిన్నది) అని కార్డు రాశారు. అదే మాటతో రాసిన తీర్మానం ప్రతిమీద రామతులసి సంతకం చేసింది. లోకనాథ్‌గారు టీ చెప్పడానికి, అలివేలుమంగగారు ఆయన్ను నిలదీయడానికి బయటికి వెళ్లారు.

రత్నమాణిక్యంగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"అమ్మాయ్, మా కూతురు శ్రీసత్య పెళ్లి రిసెప్షను వచ్చేనెల్లో, భీమవరంలో. సరిగ్గా ఇదే కావాలి. పెద్ద సైజులో కుడతావా?"

"చున్నీతోనాండీ?"

"చున్నీ ఎందుకే? భుజమ్మీద పనంతా కప్పడిపోదూ!"

కొత్త కాగితం పాడుచేయడం ఇష్టంలేక రత్నమాణిక్యంగారు తీర్మానం ప్రతినే తిరగేసి, శ్రీసత్య కొలతలు రాసి, పైన 'ఫార్మల్ గౌను' అని రాసి గీత గీసి, కింద తమ సంతకం చేశారు. రామతులసి దానిని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. ముందువైపు మాత్రమే మినిట్స్‌కెక్కింది.